రేకు వీపు

వైరు ఇంతవరకే వస్తదని
తలుపు పక్క మేకుకు తగిలిచ్చి పోయిండు కేబులాయన,
రెండు కొమ్ముల డబ్బాను.
మగ్గమేమో వెనకింట్ల.
నడుమ మా మామ తాత పేర్చిన రాతిగోడ.
నారాయణపేట ఎండకు ఈ ఇల్లొక్కటే సల్లగుంటదని
వచ్చినోళ్లంత మెచ్చుకునే గోడ.
ఎండనాపినట్టే దీన్నీ ఆపింది.

అంచు పడంగనే చీరను ఫోటో తీస్త.
సికింద్రాబాద్ అక్కకు పంపుదామంటే
చక్రం తిరుగుతది, తిరుగుతది,
కండె చుట్టే రాట్నం గూడ అంతసేపు తిరగదు.
"ఏం రంగు?" అని అడుగుతది ఆమె.
పండుమిరప రంగని రాస్తే
చూడకుంట ఎవరు కొంటరు?

బస్టాండు ఎనక ఖాజామియా దుకాణం.
గరాటాలు, బియ్యం డబ్బాలు, రేకు పెట్టెలు.
ఒకప్పుడు పెండ్లి ఊరేగింపులకు
గ్యాసులైట్లు కిరాయికిచ్చేటోడు.
"పిల్లగాని మొకం మీదనే వెలుగు పడాలంటే
లైటు ఎనక రేకు నిలబెడుతుంటిమి బిడ్డా.
నీ సిగ్నలు గూడ వెలుతురు సుట్టమే గదా"
అనుకుంట
పదిహేను కిలోల నూనె డబ్బా కోసి,
బిందె మీద పెట్టి మెల్లమెల్లగ వంచిండు.
కొమ్ములు దూరేందుకు రెండు బెజ్జాలు.
పైసలెంతంటే
పనిజేస్తే ఇయ్యి, లేకుంటే చేట చేసుకో అన్నడు.

ఎంత తోమినా పల్లినూనె వాసన పోలే.
గోడెంబడి చీమలు బారు కట్టినయి.
డబ్బా చుట్టూత పసుపు అద్దిన.
వెనకింట్ల మగ్గం గుంతల కాళ్లు దించి చూస్తే
నాలుగు గీతలు!
పండుమిరప చీర రెప్పపాటుల సికింద్రాబాద్ చేరింది.
ఆ వారం మూడు చీరలు పోయినయి,
ఖాజామియా పైసలు ముట్టినయి.

గదే వారం, దీపాలు పెట్టే యాళ్లకు
వాకిలి ఊడుస్తుంటే అరుగు మీద బసవరాజు,
శరణప్ప కొడుకు, కానిస్టేబుల్ పరీక్షకు సదువుతుండు.
పాస్‌వర్డు మా ఆయనే చెప్పిండు,
నేను ఎరగనట్టే ఉంటి ఇన్నొద్దులు.
ఫోను పైకెత్తిండు, దించిండు.
మెట్టు దిగిండు, మోరీ దాటిండు,
స్తంభం కాడ కాసేపు నిలబడ్డడు.
ఒక్క మాట అడగలే.
తనది గాని కాలువ ఎండిపోతే
ఎవరినని అడుగుతడు?
మబ్బు పట్టిందేమో అన్నట్టు మీదికి జూసి
పుస్తకం మూసుకొని పోయిండు.

ఈ రేకు ఏమీ పుట్టియ్యదు.
ఉన్నదాన్నే ఒక దిక్కు తోలుతది.
దాని మొకం నాకు,
వీపు వీధికి.

కొంచెమన్న కారుతదేమోనని
మేకు పెట్టి బెజ్జాలు కొట్టిన, రెక్కలు గుంజేదాంక.
జల్లెడైంది గానీ చుక్క కారలే.
ఖాజామియా కడుపుబ్బ నవ్విండు:
"గది నీళ్లనుకున్నవా?
సన్న బెజ్జంల పట్టదు బిడ్డా.
కొట్టుడెందుకు, తిప్పరాదు?"

అప్పటిసంది
పొద్దుగూకంగ మగ్గం దిగి
రేకును వీధి దిక్కు తిప్పుత,
తెల్లారంగ మళ్ల ఇటు.
ఎవరికీ చెప్పలే. చెప్పేందుకు ఏమున్నది,
తలుపు గొళ్లెమసొంటి పని.

మొన్న అక్క బిడ్డ పురుడని మద్దూరు పోయిన.
తిరుగు బస్సుల, సగం తొవ్వల యాదికొచ్చింది:
రేకు మగ్గం దిక్కే ఉండె!
ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది.
అరుగు మీద బసవరాజు,
ఫోను మోకాలికి ఆనిచ్చి లెక్కలు చేస్తుండు.
తలుపు పక్క రేకు వీధి దిక్కు తిరిగి ఉన్నది.
మా ఆయన ఇంక పని కాంచి రాలే.

నులక మంచం మీద మామ కాశప్ప,
ఫోనంటే ఏ పక్క చెవికి పెట్టాల్నో తెల్వనోడు,
బీడీ నోట్ల పెట్టుకొని అగ్గిపుల్ల గీసిండు.
గాలికి ఆరకుంట
అరచెయ్యి వంచి అడ్డం పెట్టిండు.
ఆ వెలుతురుల కనపడ్డయి
ఏళ్ల కొసలకు పసుపు.